క్లెయిమ్ వేస్తే వచ్చేదెంత, పోయేదెంత?

కారు బీమా మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు మోటారు క్లెయిములు చూసేవారు రాసిన జవాబులివి. చిన్న దెబ్బకు క్లెయిమ్ వేయాలా, వేస్తే ప్రీమియం పెరుగుతుందా అన్నదే ఎక్కువమంది అడిగారు. అందుకే మొదటి జవాబు పెద్దదైంది.

ప్రశ్న: పార్కింగ్‌లో వెనక్కి తీస్తుంటే స్తంభానికి తగిలి వెనక బంపర్ పగిలింది. జీఎస్టీతో కలిపి 13,000 అవుతుందని గ్యారేజీలో చెప్పారు. బంపర్ 8,000, రంగు 4,000, కూలీ 1,000. కారు కొని మూడున్నరేళ్లయింది, 1200 సీసీ. జీరో డిప్రిసియేషన్ (సామాను పాతబడిందని కోసే డిప్రిసియేషన్ లేకుండా చేసే అదనపు కవర్) తీసుకోలేదు. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 శాతం నడుస్తోంది. అది తీయకముందు ఓడీ ప్రీమియం (సొంత కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం) 8,000 అని పాలసీలో ఉంది. గ్యారేజీవాళ్లు క్లెయిమ్ వేయమంటున్నారు, ఇంట్లో వద్దంటున్నారు.

జవాబు: ఇంట్లోవాళ్ల మాటే వినండి. ఈ క్లెయిమ్‌తో చేతికొచ్చే దానికంటే పోయేదే ఎక్కువ.

ముందు వచ్చేది చూద్దాం. బంపర్ ప్లాస్టిక్‌ది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ సామాన్లకు కారు వయసుతో పని లేకుండా సగం డిప్రిసియేషన్ కోస్తారు. అంటే 8,000కి వచ్చేది 4,000. రంగు బిల్లులో నాలుగో వంతును సరుకు ఖర్చుగా తీసుకుని అందులో సగం తగ్గిస్తారు. మీ 4,000లో సరుకు 1,000, కోత 500, వచ్చేది 3,500. కూలీకి కోత లేదు. అన్నీ కలిపితే 8,500. ఇందులోంచి కంపల్సరీ డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మీరే భరించాల్సిన మొత్తం, పోతుంది. 1500 సీసీ వరకు కార్లకు అది 1,000, ఆపై కార్లకు 2,000. మీకు మిగిలేది 7,500.

ఇప్పుడు పోయేది. ఎన్‌సీబీ ఏడాదికో మెట్టు ఎక్కుతుంది: 20, 25, 35, 45, 50. ఒక్క క్లెయిమ్ చెల్లిస్తే చాలు, ఒక మెట్టు దిగడం కాదు, నేరుగా సున్నాకు పడిపోతుంది. చాలామంది వచ్చే ఒక్క ఏడాది నష్టాన్నే లెక్కేసి ఊరుకుంటారు. అసలు నష్టం మళ్లీ 50కి చేరేదాకా సాగుతుంది. క్లెయిమ్ వేయకపోతే మీకు వచ్చే ఏడాది 45 శాతం, ఆ తర్వాత ప్రతి ఏడూ 50 శాతం దక్కుతుంది. వేస్తే వరుసగా 0, 20, 25, 35, 45. ఈ రెండింటి మధ్య తేడాలు 45, 30, 25, 15, 5. కూడితే 120 శాతం. మీ 8,000 మీద రూపాయల్లో చెప్పాలంటే 3,600, 2,400, 2,000, 1,200, 400. మొత్తం 9,600. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా మీరే కడతారు కాబట్టి 11,328. కారు విలువ ఏటా తగ్గుతుంది, దానితో ఓడీ ప్రీమియమూ కొంత దిగుతుంది, అందువల్ల నిజంగా పోయేది ఇంతకంటే వెయ్యి, పదిహేను వందలు తక్కువ ఉండొచ్చు. అయినా 7,500 కోసం అంత వదులుకోనక్కర్లేదు.

ఇదే లెక్కను మిగతా పాఠకులూ వాడుకోవచ్చు. పాలసీ షెడ్యూలులో ఎన్‌సీబీ తీయకముందు ఓడీ ప్రీమియం ఎంతో చూడండి. ఇప్పుడు మీకు ఎన్‌సీబీ సున్నా ఉంటే, ఒక క్లెయిమ్ వల్ల మొత్తంగా పోయేది ఆ ప్రీమియంలో సుమారు 50 శాతం. 20 ఉంటే 80 శాతం, 25 ఉంటే 105, 35 ఉంటే 120, 45 లేదా 50 ఉంటే 125. పైన జీఎస్టీ కలుపుకోండి. రాబోయే ఏళ్లలో ఇంకో క్లెయిమ్ ఉండదన్న అంచనా మీద వేసిన లెక్క ఇది. కోతలన్నీ పోగా చేతికొచ్చేది ఈ అంకెను గట్టిగా దాటితేనే క్లెయిమ్ వేయండి. దగ్గర దగ్గరగా ఉంటే వద్దు. ఎందుకంటే ఓడీ ధరను 2007 నుంచి కంపెనీలే నిర్ణయించుకుంటున్నాయి. ఎన్‌సీబీ పోవడంతో పాటు ఇప్పటిదాకా ఓడీ మీద ఇస్తున్న డిస్కౌంటునూ రెన్యువల్‌లో తగ్గించవచ్చు. ఆ తగ్గింపు ఎంతో ముందుగా ఎవరూ చెప్పరు.

గ్యారేజీవాళ్లు క్లెయిమ్ వేయమనడంలో వింత లేదు. వాళ్ల బిల్లు ఎలాగైనా వస్తుంది, పోయే బోనస్ మాత్రం మీది.

ఇప్పటికే ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్నా కంగారు పడకండి. సొమ్ము చెల్లించకముందే వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టండి. చెల్లింపు లేకుండా మూసేశామని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని దాచండి. అది లేకపోతే రెన్యువల్ సమయంలో తెరిచి ఉన్న క్లెయిమ్‌గా కనబడి ఎన్‌సీబీ ఆగిపోతుంది.

ప్రశ్న: ఈ పాలసీ సంవత్సరంలో ఒక క్లెయిమ్ తీసుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండా ముందు ఫెండర్ సొట్టపోయింది. రెండోది వేస్తే ఎన్‌సీబీ ఇంకా పోతుందా?

జవాబు: పోవడానికి మిగిలి ఉంటే కదా. వచ్చే రెన్యువల్‌కు మీ ఎన్‌సీబీ ఎలాగూ సున్నా. అదే ఏడాదిలో రెండో క్లెయిమ్ వేసినా సున్నాకు కింద మెట్టు లేదు. కాబట్టి మొదటి క్లెయిమ్ విషయంలో తటపటాయించినంతగా రెండోదానికి అక్కర్లేదు. అయితే డిడక్టిబుల్ మళ్లీ విడిగా కోస్తారు. జీరో డిప్రిసియేషన్ ఉంటే అది ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో చూసుకోండి, చాలా పాలసీల్లో రెండే. ఎక్కువ క్లెయిములున్న కారుకు కొత్త ఏడాదిలో లోడింగ్ (అదనపు ప్రీమియం) వేసే అవకాశమూ ఉంది.

రెండు వేర్వేరు రోజుల దెబ్బలను ఒకే ప్రమాదంగా రాయకండి. ముందు ఫెండర్‌కు, వెనక తలుపుకు ఒకే గుద్దుతో సొట్ట పడదని నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది. గీతల దిశ, తుప్పు, వాటిలో చేరిన దుమ్ము దెబ్బ ఎప్పటిదో చెప్పేస్తాయి. ఒకదానికి అబద్ధం చెప్పి దొరికితే రెండోదీ నమ్మరు.

ప్రశ్న: రాత్రివేళ డివైడర్‌ను గుద్దుకుంటే మొదట ఏం చేయాలి? ఎఫ్ఐఆర్ లేకుండా క్లెయిమ్ రాదంటారు, నిజమేనా?

జవాబు: మీ కారుకు మాత్రమే దెబ్బ తగిలి, ఎవరికీ గాయం కాకుండా, ఎవరి ఆస్తీ పాడవకుండా ఉంటే సాధారణంగా ఎఫ్ఐఆర్ అడగరు. మనిషికి గాయమైనా, మరణం సంభవించినా, మూడో వ్యక్తి ఆస్తికి నష్టమైనా, కారు దొంగతనానికి గురైనా పోలీసు ఫిర్యాదు తప్పదు.

డివైడర్ దెబ్బలో పెద్ద తప్పు చాలాసార్లు గుద్దిన తర్వాత జరుగుతుంది. కారు ఆగగానే కింద చూడండి. ఆయిల్ గానీ కూలెంట్ గానీ కారుతుంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పగిలిన కారును ఇంటిదాకా నడిపిస్తే ఇంజిన్ పట్టేస్తుంది. అప్పుడు సంప్‌కు డబ్బిస్తారు గానీ, ఇంజిన్ పాడవడం ప్రమాదం వల్ల కాదు, తర్వాత నడపడం వల్ల అని కంపెనీ పక్కన పెడుతుంది. టోయింగ్ బండి పిలిపించండి. ప్రామాణిక పాలసీలోనే దగ్గరి గ్యారేజీకి చేర్చే ఖర్చు 1,500 రూపాయల దాకా ఉంటుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నవారికి కంపెనీయే బండి పంపుతుంది.

కారు కదిపే ముందు ఫొటోలు తీయండి. నంబర్ ప్లేటు, దెబ్బ రెండూ ఒకే ఫొటోలో పడాలి. దగ్గరగా సొట్టను మాత్రమే తీసిన ఫొటో ఏ కారుదో చెప్పదు. దూరం నుంచి రోడ్డు, డివైడర్, కారు ఉన్న తీరు. ఓడోమీటర్. చాసిస్ నంబర్. ట్రాఫిక్‌కు అడ్డంగా ఉంటే వీటిని తీసుకుని వెంటనే పక్కకు జరపండి.

తర్వాత కంపెనీకి ఫోన్‌లో గానీ యాప్‌లో గానీ తెలిపి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. తేదీ, సమయం, చోటు, నడిపిందెవరు అన్నవి ఇక్కడ చెప్పినట్టే క్లెయిమ్ ఫారంలోనూ ఉండాలి. కొడుకు నడిపితే కొడుకు నడిపాడనే చెప్పండి. చెల్లే లైసెన్సుతో, మీ అనుమతితో నడిపినవారెవరైనా కవర్ ఉంటుంది. అనవసరంగా తండ్రి పేరు పెట్టి, తర్వాత సీసీ కెమెరాలోనో ఆస్పత్రి కాగితాల్లోనో అసలు పేరు బయటపడి క్లెయిమ్ మొత్తం పోగొట్టుకున్నవారు ఎందరో.

గ్యారేజీ ఎస్టిమేట్ వేశాక, సర్వేయర్ చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. ఆయన ఆమోదించాక విప్పుతారు. విప్పితే లోపల రేడియేటర్ సపోర్టో, సస్పెన్షన్ ఆర్మో వంగినట్టు తేలవచ్చు. అప్పుడు అదనపు ఎస్టిమేట్ వేసి మళ్లీ చూపించాలి. ఈ రెండోసారి చూపించడం దగ్గరే చాలా గ్యారేజీలు తొందరపడతాయి. చూపించకుండా మార్చేసిన సామానుకు డబ్బు రాదు, ఆ బిల్లు మీ మీదే పడుతుంది. మార్చిన పాత సామాన్లను పని పూర్తయి మళ్లీ తనిఖీ జరిగేదాకా పారేయొద్దని చెప్పండి.

ఆర్సీ, లైసెన్సు, పాలసీ, నింపిన క్లెయిమ్ ఫారం, ఎస్టిమేట్, గుర్తింపు పత్రాలు, బ్యాంకు వివరాలు సిద్ధంగా ఉంచండి. కంపెనీకి ఒప్పందం ఉన్న గ్యారేజీలో క్యాష్‌లెస్ అంటే రూపాయి కూడా కట్టక్కర్లేదని కాదు. కంపెనీ తన వాటాను గ్యారేజీకి కడుతుంది, కోతలు, డిడక్టిబుల్ మీరు కట్టి కారు తెచ్చుకోవాలి. ఎంత కట్టాలో పని మొదలెట్టకముందే అడిగి రాయించుకోండి.

గడువుల సంగతి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. 50,000 లోపు నష్టానికి లైసెన్సున్న సర్వేయర్ రావాలన్న నియమం లేదు. కంపెనీ మనిషో, వీడియో కాలో సరిపోతుంది.

ప్రశ్న: ఆరేళ్ల కారు. బిల్లు 82,000 అయితే కంపెనీ 53,500 మాత్రమే ఇచ్చింది. 'ఫుల్ ఇన్సూరెన్స్' అని చెప్పి అమ్మారు. మోసం కాదా?

జవాబు: మీరు పంపిన బిల్లు, సర్వే లెక్క రెండూ చూశాం. కోతలు పాలసీ షరతుల ప్రకారమే ఉన్నాయి. అమ్మేటప్పుడు 'ఫుల్' అన్న మాట వాడటమే తప్పు. ఓడీ, థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టం) రెండూ ఉన్న పాలసీకి ఆ పేరు పెట్టేశారు గానీ, పూర్తి బిల్లు ఇస్తామని దానికి అర్థం లేదు.

మీ బిల్లులో బానెట్, ఫెండర్ వంటి ఇనుప సామాను 30,000. ఐదేళ్లు దాటి పదేళ్లలోపు కారుకు ఇనుప సామాను మీద 40 శాతం కోత, అంటే 12,000. బంపర్, హెడ్‌ల్యాంపులు, గ్రిల్ ప్లాస్టిక్, 24,000కి సగం, మరో 12,000. ముందు అద్దం 8,000, దానికి కోత లేదు. రంగు 12,000లో సరుకు భాగం 3,000, అందులో సగం 1,500. కూలీ 6,000 పూర్తిగా ఇచ్చారు. కూలెంట్, ఆయిల్, క్లిప్పులు, నట్లు 2,000. ఇవి వాడకంలో అయిపోయే సరుకులని ఇవ్వరు. కోతలు 27,500, డిడక్టిబుల్ 1,000. 82,000లో 28,500 పోతే 53,500. లెక్క సరిపోయింది.

ఇనుప సామాను కోత కారు వయసుతో పెరుగుతుంది. ఆరు నెలల దాకా ఏమీ లేదు, ఏడాది దాకా 5 శాతం, రెండేళ్ల దాకా 10, మూడేళ్ల దాకా 15, నాలుగేళ్ల దాకా 25, ఐదేళ్ల దాకా 35, పదేళ్ల దాకా 40, ఆపైన 50. ఫైబర్ గ్లాస్‌కు 30. టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు సగం. టైరు ఒక్కటే పగిలితే అసలేమీ రాదు, అదే ప్రమాదంలో కారుకూ దెబ్బ తగిలి ఉండాలి.

జీరో డిప్రిసియేషన్ ఉంటే ఈ కోతల్లో చాలావరకు పోతాయి. ఆయిల్, నట్ల వంటివాటికి కన్జ్యూమబుల్స్ కవర్ వేరే తీసుకోవాలి. చాలా కంపెనీలు జీరో డిప్రిసియేషన్‌ను ఐదేళ్ల దాకానే ఇస్తాయి, కొన్ని ఆపైనా ఇస్తాయి కాబట్టి అడిగి చూడండి. కొత్త కారుకు, నగరం రద్దీలో రోజూ తిరిగే కారుకు ఇది తీసుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఈ కాలపు కార్లలో ముందు భాగంలో ప్లాస్టిక్ ఎక్కువ.

వాలంటరీ డిడక్టిబుల్ ఎంచుకున్నారేమో కూడా పాఠకులు చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో ప్రీమియం తక్కువ కనబడాలని 5,000 లేదా 7,500 టిక్ చేసేసి మరిచిపోతారు. అది ప్రతి క్లెయిమ్‌లోనూ కంపల్సరీ డిడక్టిబుల్‌కు అదనంగా పోతుంది. ధరలు కంపెనీల చేతికి రాకముందున్న పాత టారిఫ్ పద్ధతిలో 5,000కి వచ్చే తగ్గింపు ఎంత ఎక్కువైనా 1,500 దాటదు.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక కారు వచ్చి గుద్దింది. తప్పు అతనిదే, ఒప్పుకున్నాడు కూడా. అతని బీమాతో బాగు చేయించుకోవచ్చా? నా ఎన్‌సీబీ ఎందుకు పోవాలి?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. మన పద్ధతి మాత్రం అంత సులువుగా లేదు. అతని థర్డ్ పార్టీ బీమా నుంచి మీ కారు నష్టం రాబట్టాలంటే పోలీసు ఫిర్యాదు ఇచ్చి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అతని కంపెనీకి ఫోన్ చేసి క్యాష్‌లెస్ అడిగితే కుదరదు. దానికి పట్టే కాలం, తిరుగుడు చూస్తే చిన్న మరమ్మతులకు ఎవరూ ఆ దారి పట్టరు. మూడో వ్యక్తి ఆస్తి నష్టానికి ప్రైవేటు కారు పాలసీలో హద్దు 7.5 లక్షలు. ప్రీమియం తగ్గించుకోవడానికి దీన్ని 6,000కే కుదించుకున్నవారూ ఉంటారు.

మీ సొంత పాలసీలో వేస్తే వారంలోనో పదిహేను రోజుల్లోనో పని అయిపోతుంది, ఎన్‌సీబీ పోతుంది. తప్పు ఎవరిదన్నది ఎన్‌సీబీకి అక్కర్లేదు. మీ ఓడీ నుంచి డబ్బు కదిలిందా లేదా అన్నదొక్కటే చూస్తారు.

మరమ్మతు పాతిక వేల లోపైతే గుద్దినతను నేరుగా గ్యారేజీకి కట్టడమే ఇద్దరికీ మేలు. మొదటి జవాబులోని లెక్క అతనికీ చూపించండి. అయితే అక్కడికక్కడ కంటిచూపుతో తేల్చి చేతిలో పెట్టిన డబ్బు తీసుకుని వదిలేయకండి. వెనక బంపర్ లోపలి బీము, డిక్కీ ఫ్లోరు వంగాయో లేదో విప్పితే గానీ తెలియదు. అతని కారు నంబర్, పాలసీ, లైసెన్సు ఫొటోలు తీసుకోండి. సర్వేయర్ చూశాక గ్యారేజీ విప్పితే వచ్చిన ఎస్టిమేట్ మీద మాట్లాడుకోండి. అతను తర్వాత ఫోన్ ఎత్తకపోతే మీ పాలసీ వాడుకునే దారి తెరిచి ఉండాలి. అందుకని జరిగిన రోజే కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబర్ తీసుకుని ఉంచుకోండి. డబ్బు తీసుకోకుండా మూసేస్తే బోనస్‌కు దెబ్బ ఉండదు.

ప్రశ్న: నా కారు తగిలి స్కూటర్ మీద వెళ్తున్న వ్యక్తి కాలు విరిగింది. పోలీసుల దాకా వద్దు, లక్ష ఇస్తే రాజీ అంటున్నారు బంధువులు. బీమాకు చెబితే ప్రీమియం విపరీతంగా పెరుగుతుందని భయం.

జవాబు: ఆ భయం పక్కన పెట్టండి. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్లలో ఏడాదికి 1000 సీసీ దాకా 2,094, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. క్లెయిమ్ వచ్చిందని కంపెనీ ఒకరికి దీన్ని పెంచలేదు. గాయానికి, మరణానికి థర్డ్ పార్టీ కవర్‌లో పరిమితి కూడా లేదు.

మీరు చేయాల్సింది ముందు వైద్యం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ గాయపడిన మనిషికి వైద్యం అందించే బాధ్యత డ్రైవర్ మీద పెట్టింది. పోలీసులకు 24 గంటల్లో తెలపాలని, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలని కూడా అదే సెక్షన్ అంటుంది. 2025 మేలో వచ్చిన క్యాష్‌లెస్ చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో ప్రమాదం నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా ఉచితంగా చూస్తారు. ఆస్పత్రిలో ఆ సంగతి అడగండి.

లక్ష రాజీ వద్దనడానికి కారణం ఉంది. కంపెనీ అంగీకారం లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం పాలసీ షరతులకు విరుద్ధం. విరిగిన కాలికి రెండో ఆపరేషన్ అవసరమై, పని పోయి, ఆ కుటుంబం తర్వాత ట్రిబ్యునల్‌కు వెళితే మీరిచ్చిన లక్షతో అది ఆగదు. అప్పటికి కంపెనీకి మీరేమీ తెలపలేదు. మానవత్వంతో ఆస్పత్రి ఖర్చుకు సాయం చేయడం వేరు, కాగితం రాసుకుని కేసు మూసేయడం వేరు. న్యాయంగా చూసినా, అతనికి దక్కాల్సిన పరిహారం లక్షకంటే చాలా ఎక్కువ కావొచ్చు. బీమా ఉన్నది దాని కోసమే.

ప్రశ్న: వానకు రోడ్డు మునిగి కారు ఆగిపోయింది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ పోయింది. వరద కవర్ అవుతుందని చెప్పినవాళ్లే ఇప్పుడు ఇంజిన్‌కు ఇవ్వమంటున్నారు.

జవాబు: వరద కవర్ ఉంది, సీట్లు, వైరింగు, కార్పెట్లు తడిసి పాడైతే ఇస్తారు. ఇంజిన్ దగ్గర గొడవ మీరు సెల్ఫ్ కొట్టడంతో వచ్చింది. నీరు ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్లోకి వెళితే, గాలి నొక్కుకుపోయినట్టు నీరు నొక్కుకుపోదు. సెల్ఫ్ తిప్పగానే పిస్టన్ ఆ నీటిని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. విప్పినప్పుడు వంగిన రాడ్ కనబడితే, నీళ్లలో మునిగాక తిప్పారని సర్వేయర్ రాస్తారు. ఇది వరద వల్ల నేరుగా వచ్చిన నష్టం కాదు, తర్వాతి చర్య వల్ల వచ్చిందని కంపెనీ వాదిస్తుంది.

ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ ఉంటే ఈ నష్టమూ వస్తుంది, మీ షెడ్యూలు ఒకసారి చూడండి. లేకపోతే ఇంజిన్ విప్పిన ఫొటోలు, సర్వే నివేదిక నకలు అడిగి తీసుకోండి. రాడ్ వంగకుండా నీరు చేరినంత మాత్రాన జరిగిన నష్టం, అంటే శుభ్రం చేయడం, ఆయిల్, ఫిల్టర్ల వంటివి ఎంతో విడదీసి అడగవచ్చు. మిగతా పాఠకులకు చెప్పేది: నీళ్లలో ఆగిన కారుకు తాళం చెవి తిప్పకండి, బ్యాటరీ తీగ విప్పించి లాగించండి. పల్లపు ప్రాంతంలో ఉండేవారు ఇంజిన్ ప్రొటెక్ట్ లేకుండా ఉండకండి.

ప్రశ్న: కారు పల్టీలు కొట్టింది. ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ) 4 లక్షలు, మరమ్మతు 3.3 లక్షలు అంటున్నారు. బాగు చేయించండంటే కంపెనీ ఒప్పుకోవడం లేదు.

జవాబు: మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. మీ విషయంలో ఆ గీత 3 లక్షల దగ్గరుంది. డిడక్టిబుల్ పోను ఐడీవీ మొత్తం ఇస్తారు, ఇందులో డిప్రిసియేషన్ కోత లేదు. శకలాన్ని మీరే ఉంచుకుంటే దాని విలువ తగ్గిస్తారు. ఆ విలువ ఏ ధరల మీద కట్టారో అడగండి, ఇక్కడే బేరం ఉంటుంది. శకలాన్ని ఎవరికిచ్చినా ఆర్సీ సంగతి తేల్చుకోకుండా వదలకండి. పనికిరాని బండి గురించి 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని చట్టంలో ఉంది. మీ పేరు మీద ఉన్న ఆర్సీ వేరే కారుకు అంటుకుని తిరిగితే చిక్కులు మీకే. లోను ఉంటే సొమ్ము ముందు బ్యాంకుకు వెళుతుంది, మిగిలితే మీకు.

ప్రశ్న: పాత కారు అమ్మేసి కొత్తది కొంటున్నాను. నా 50 శాతం ఎన్‌సీబీ కొన్నవాళ్లకు వెళ్లిపోతుందా?

జవాబు: వెళ్లదు. ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. అమ్మిన కాగితాలు చూపించి పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిజర్వేషన్ లెటర్ తీసుకోండి, అది మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారు ఓడీ ప్రీమియం ఎక్కువ కాబట్టి 50 శాతం విలువ అక్కడ ఇంకా పెద్దది. అమ్మకుండా ఉన్న కారు పాలసీ ముగిసి 90 రోజులు దాటితే మాత్రం బోనస్ పోతుంది.

ఇంకో పాఠకుడు, క్లెయిమ్ తీసుకున్నా కంపెనీ మారితే తెలియదని ఏజెంటు చెప్పినట్టు రాశారు. కంపెనీలు ఒకరినొకరు అడిగి సరిచూసుకుంటాయి. తప్పుడు ఎన్‌సీబీ చెప్పినట్టు తేలితే తర్వాతి ప్రమాదంలో ఓడీ కింద వచ్చే ప్రయోజనాలు పోతాయి. మూడు నాలుగు వేల తగ్గింపు కోసం మూడు లక్షల క్లెయిమ్‌ను పణంగా పెట్టకండి.

ప్రశ్న: ఊళ్లో లేక తొమ్మిది రోజులు ఆలస్యంగా తెలిపాను. ఆ ఒక్క కారణంతో తిరస్కరించారు. ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం ఒక్కదాని మీదే తోసిపుచ్చకూడదని ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు రాసింది. ఆలస్యానికి కారణం, దానికి ఆధారం, అంటే ప్రయాణ టికెట్టో ఆస్పత్రి కాగితమో జతచేసి ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. తిరస్కరణ లేఖలో ఏ షరతు నంబరు చూపారో అడగండి. సర్వే నివేదిక నకలు కూడా అడగండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో అదే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు కార్యాలయం హైదరాబాదులో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌లో అదే విషయం మీద కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి మొదట ఏ తలుపు తట్టాలో ఆలోచించుకోండి. మీ క్లెయిమ్ చిన్నదైతే అంబుడ్స్‌మన్ దారే దగ్గర. అక్కడికి వెళ్లేటప్పుడు ప్రమాదం రోజు తీసిన ఫొటోల అసలు ఫైళ్లు తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపితే తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. ఫోన్‌లో ఉన్న అసలు ఫైలులో అవి ఉంటాయి.